ముదిగుబ్బలోనే ఉంచండి

కోవిడ్ రావడానికి ముందు ఏడాది వేసవిలో నేను అనంతపురం టౌనుకు దూరంగా ఉన్న ముదిగుబ్బ పశువుల ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేస్తున్నాను. మా శాఖలో ఒకేచోట అయిదేళ్లు నిండితే సాధారణంగా బదిలీ తప్పదు. నాకు నిండాయి. జిల్లా కార్యాలయంలో మండలాల పనులన్నీ సమన్వయం చేసే పోస్టుకు నా పేరు అనుకుంటున్నారని తెలిసింది. అందరూ అభినందించారు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది.

ఆ సీటులో పొద్దున లేస్తే టెలికాన్ఫరెన్సు. ఒక ఫోను చెవి దగ్గర ఉండగానే ఇంకొకటి మోగుతుంది. నలుగురు ఒకేసారి మాట్లాడుతుంటే నాకు మాటలు వినబడతాయి కానీ బుర్రకెక్కవు. కాసేపటికి తల పనిచేయడం మానేస్తుంది. అదే గొర్రెల దొడ్డిలో పొద్దస్తమానం నిలబడమనండి, హాయిగా నిలబడతాను. అక్కడ పని ఒక వరసలో సాగుతుంది. వానలకు ముందు చిటుకు రోగం టీకాలు వేయాలి. కాపరి గొర్రెను పట్టుకుంటాడు, నేను చర్మం కింద సూది వేస్తాను, వేసినదానికే మళ్లీ వేయకుండా మా అటెండరు ఓబులేసు దాని వీపున రంగు పూస్తాడు. సాయంత్రానికి గొర్రెల కంటే ఓబులేసుకే ఎక్కువ రంగు అంటుకునేది.

నా ఈ తీరుకు ఒక పేరుందని యాభై దాటాక తెలిసింది. మా అన్న మనవరాలిని బెంగళూరులో డాక్టరుకు చూపించడానికి తోడు వెళ్లాను. ఆ డాక్టరమ్మ పాప గురించి ఏది అడిగినా, "అందులో తప్పేముంది, నేనూ అంతే" అంటూ వచ్చాను. చివరికి ఆవిడ పాపను వదిలి నావైపు తిరిగింది. తర్వాత నాకూ పరీక్షలు చేసి, ఆటిజం అని సర్టిఫికెట్ ఇచ్చారు. దుఃఖం రాలేదు. అంతకాలం నన్ను నేను తిట్టుకున్న తిట్లన్నీ వాపసు తీసుకున్నాను.

ఆ సర్టిఫికెట్‌ను ఆఫీసులో చూపాలా వద్దా? చూపితే బదిలీ ఆగవచ్చు. కానీ బీమా ఉన్న గొర్రె చనిపోతే శవపరీక్ష చేసి రిపోర్టు ఇచ్చేది నేనే. "ఆమెకే బుర్ర సరిగా లేదు" అని రేపెవరైనా ఆ రిపోర్టును తోసేస్తే నష్టపోయేది కాపరి. ముందుగా ఓబులేసుకు చెప్పి చూశాను.

"ఏంటికి మేడమ్ చెప్పేది? ఈ పొద్దు చెప్తే రేపట్నుంచి యాడ గొర్రె చచ్చినా మీ నెత్తినే ఏస్తారు. గమ్మునుండండి."

అతని మాట కొట్టిపారేయదగ్గది కాదు. అయినా ఆ ఫోనుల మధ్య కూర్చోవడం తలచుకుంటే అదే పెద్ద భయమనిపించింది. జిల్లాలో మా శాఖకు పెద్ద అయిన జాయింట్ డైరెక్టరును కలిశాను.

బదిలీల రోజుల్లో ఆయన గది ముందు ప్రతివాళ్ల చేతిలోనూ ఒక మెడికల్ సర్టిఫికెట్ ఉంటుంది. నడుంనొప్పి, బీపీ, అత్తగారి మోకాళ్లు. అన్నిటికీ మందు ఒకటే, అనంతపురం టౌనులో పోస్టింగు. ఆయన నా కాగితం చదవకుండానే పక్కన పెట్టారు.

"ఏమమ్మా, నువ్వు కూడానా? టౌన్లో ఒక్క ఖాళీ కూడా లేదు. యాడ పెట్టల్ల నిన్ను?"

"నాకు టౌను వద్దు సార్. ముదిగుబ్బలోనే ఉంచండి."

ఆయన కళ్లజోడు తుడిచి పెట్టుకుని కాగితం మొదటినుంచి చదివారు. "సర్టిఫికెట్ పెట్టి ముదిగుబ్బ అడిగినోళ్లను నా సర్వీసులో చూడల్యా తల్లీ" అన్నారు. అక్కడ ఉంచడం సరే, ఇంకేం చేయాలని అడిగారు.

ఆటిజం అన్న మాట ఎలా చెప్పాలో అద్దం ముందు ఎన్నోసార్లు అనుకున్నాను కానీ, నాకేం కావాలో ఒక్కసారీ అనుకోలేదు. నిలబడే ఆలోచించి చెప్పాను. ఫోనులో ఇచ్చే ఆదేశాన్ని మెసేజీగా కూడా పంపాలి. మీటింగులో అడగబోయేవి ముందురోజే తెలపాలి. మైకు దగ్గర నాకు కుర్చీ వేయకూడదు.

"ఇంతేనా? నేనింకా జీపు అడుగుతావనుకొంటి" అని నవ్వారు. బీమా రిపోర్టుల గురించి నా భయం కూడా చెప్పాను. "నీ రిపోర్టు ఒక్కటన్నా తిరిగొచ్చినాదా? ఎవరన్నా నోరెత్తితే నా దగ్గరికి పంపు." ఆ మాటకు నాకు నిజంగా ఏడుపొచ్చింది. మిగతా సిబ్బందికి చెప్పాలా అని ఆయన అడిగితే, అవసరమైనచోట నేనే చెప్తానన్నాను.

బదిలీ ఆగింది. మీటింగు విషయాలు ముందురోజే అందరికీ వచ్చేవి. సారుకు ఈమధ్య క్రమశిక్షణ ఎక్కువైందని కొందరు గొణిగారు. నేను చెప్పిన ఒక సహోద్యోగి మాత్రం, నాకేదో చెవుడు అన్నట్టు, కొన్నాళ్లు ఒక్కో మాట విడదీసి గట్టిగా మాట్లాడాడు.

ఓబులేసు అంతా విని తల పట్టుకున్నాడు. "ముదిగుబ్బే కావాలని అడిగితిరా? ఆటిజం సంగతి చెప్పినా చెప్పండి గానీ, ఇది మాత్రం ఎవురికీ చెప్పొద్దండి మేడమ్. నిజంగానే పిచ్చనుకొంటారు."

రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. కాగితం ఒక్కటే చేతికిస్తే, మనకేం కావాలో ఎదుటివారు తమకు తోచినట్టు ఊహించుకుంటారు. ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నవాళ్లెవరైనా చెప్పాలా వద్దా అని నన్నడిగితే, చెప్పి ఏం అడగబోతున్నావని తిరిగి అడుగుతాను. జవాబు లేకపోతే, అది దొరికేదాకా ఆగమంటాను.