పిడుగు పడ్డ తాటిచెట్టు విల్లు

మా చిన్నప్పుడు... ఖిలా వరంగల్ మట్టికోట పక్కన పిడుగు పడి మోడైన తాటిచెట్టు ఒకటి ఉండేది. శాపం తగులుతుందని దాని కట్టెను ఎవరూ పొయ్యిలో కూడా పెట్టేవారు కాదు.

కల్లు గీసే మల్లయ్య కాక మాత్రం దాన్ని కొట్టి, తన కొడుకు సాయిలుకూ నాకూ కలిపి ఒక విల్లు చేసిచ్చాడు. తాటికి చేవ బయట ఉంటుంది, లోపలంతా మెత్తన. ఆ మెత్తనంతా బాడిశతో చెక్కేసి, నల్లటి చేవను గాజుపెంకుతో గీకి, ఆముదం పట్టించాడు. నా ఎత్తు విల్లు... రోకలంత బరువు.

"ఆట అయినంక అల్లెతాడు ఇప్పి పెట్టుండ్రి బిడ్డా. వంచినట్టే ఉంచితె కట్టె అలుస్తది" అన్నాడు.

విల్లును ఇంట్లో ఉంచుకునే వంతు నాకొచ్చింది. తాడు విప్పితే మళ్ళీ ఎక్కుపెట్టడం నా ఒక్కడి వల్ల కాదు... నలుగురిలో పరువు పోతుందని, విప్పకుండానే మా పశువుల కొట్టంలో తగిలించాను. మూడు రోజులు!

నాలుగో రోజు మా తరగతి రాజిరెడ్డి, "ఇటియ్యిరా, నీ బొక్కలకు వంగుతదా అది?" అని లాక్కుని బలంగా గుంజాడు. విల్లు ఫట్‌మని విరిగింది... పేడు వాడి ఎడమకంట్లో దిగింది. దవాఖానకు తీసుకుపోయినా కన్ను దక్కలేదు.

ఊరంతా మల్లయ్య కాక మీద పడింది. "పిడుగు వడ్డ కట్టె పోరగాండ్ల చేతికిస్తవా? నీ చేతి కల్లు మాకొద్దు, పో!"

ఆయన నన్ను ఒక్కటే అడిగాడు. "తాడు ఇప్పినవా బిడ్డా?"

"ఇప్పిన కాకా."

సాయిలు పక్కనే ఉన్నాడు. కొట్టంలో ఆ విల్లును చూసినవాడే... నోరు మెదపలేదు. కల్లు కొనేవాడు లేక, నెల తిరక్కుండానే వాళ్ళు ఊరు వదిలి డోర్నకల్ వెళ్ళిపోయారు.

నిన్న మా బడి గ్రూపులో రాజిరెడ్డి మళ్ళీ అదే కథ రాశాడు... పిడుగు శాపమట! కింద అందరూ దండాల బొమ్మలు. అందులో జీవితమంతా సైన్సు పాఠాలు చెప్పి పింఛను తింటున్న పంతుళ్ళు కూడా. ఇన్ని పుస్తకాలు చదివిన నేను మాత్రం ఏం తక్కువ? ఇన్నేళ్ళూ ఆ శాపం చాటునే బతికాను.

రాజిరెడ్డీ... నీ కన్ను పోయింది నా వల్ల. తిట్టాలంటే నన్ను తిట్టు. మల్లయ్య కాక పేరు ఆ కథలోంచి తీసెయ్.

ఇప్పుడు మట్టికోట చుట్టూ ప్లాట్లు... తాటిచెట్లూ లేవు, గీసేవాళ్ళూ లేరు. శాపాలు మాత్రం ఫోన్లలోకి మారి హాయిగా ఉన్నాయి.

మీ ఊళ్ళోనూ చేయని తప్పు మోసి వెళ్ళిపోయినవాళ్ళు ఉంటే రాయండి... పేర్లతో సహా. డోర్నకల్‌లో సాయిలు ఉన్నాడో లేడో ఎవరికైనా తెలిస్తే, ముందు అది రాయండి.