గట్టయ్య అరికాలు

మా తార్నాక గట్టయ్య అరికాలు ఆనిస్తే చాలు, కింద రాయి ఎన్ని గజాల లోతున ఉందో చెప్పేసేవాడు. నమ్మకపోతే మీ ఖర్మ. ఎమ్మెస్సీ సగంలో వదిలేసిన మేధావిని, ఊరికే చెప్పను.

కోయనా భూకంపం వచ్చిన మరుసటి ఏడు, అరవై ఎనిమిదిలో, మా యూనివర్సిటీ క్యాంపస్‌లో హాస్టల్ కట్టబోయే చోట నేల గట్టిదనం కొలవమన్నారు. బాంబులు పేల్చనక్కర్లేదు. సీతాఫల్‌మండి రైళ్ళకీ, బస్సులకీ, గాలికీ నేల మనకు తెలియకుండా ఎప్పుడూ వణుకుతూనే ఉంటుంది. గుండ్రంగా పెట్టిన ఏడు పెట్టెలు ఆ వణుకును కాగితం మీద గీస్తాయి. ఒక పెట్టె నుంచి మరోదానికి అది ఎంతసేపట్లో చేరిందో చూసి, లోపల అడ్డంగా ఊగే అల వేగం లెక్కకడతాం. రాయిలో అది పరిగెడుతుంది, మెత్తటి మట్టిలో కాళ్ళీడుస్తుంది. లెక్క నాది. గుంతలు తవ్వి, గట్టి నేల తగిలేదాకా గీకి, పెట్టెలు కుదురుగా నిలబెట్టడం దినకూలీ గట్టయ్యది.

సెకనుకు నూట ముప్ఫై మీటర్లు వచ్చింది. చుట్టూ బండరాయి, వెయ్యి దాటాలి. మూడుసార్లు చేసినా అదే అంకె. ప్రొఫెసర్ ఉమాపతి గారు నన్నేమీ అనలేదు, అంతటివాణ్ణి మరి. గట్టయ్య పెట్టెల్ని వదులు మట్టిలో పాతాడన్నారు.

"మల్లా పెట్టు. గిట్లనే వస్తే సోమవారం నుంచి రాకు."

గట్టయ్యకి తార్నాక పక్కనే మాణికేశ్వర్ నగర్‌లో ఇల్లు, నలుగురు పిల్లలు. మర్నాడు మోకాలి లోతు తవ్వి మరీ నిలబెట్టాడు. నూట ముప్ఫై రెండు.

ఉమాపతి గారు అతని పేరు కొట్టేయడానికి హాజరు పుస్తకం తెరిచారు. గట్టయ్య గడ్డపార అందుకుని నడిచాడు. మేం వెంటపడ్డాం. పెట్టెల మధ్య చెప్పులు విప్పి, అటూ ఇటూ నాలుగడుగులు వేసి, పొడిచాడు. రెండో పోటుకు గడ్డపార చేతిలోంచి జారి నేలలోకి పోయింది. ఐదడుగుల ఇనుము, మొత్తం. లోపలెక్కడో ఠంగుమంది.

ఉమాపతి గారు వెనక్కి నడిచి నడిచి వేపచెట్టును పట్టుకున్నారు.

తవ్విస్తే హాస్టలంత వెడల్పున ఎప్పుడో రాళ్ళు కొట్టి తీసిన పాత గుంత; నిండా చెత్త మట్టి, తుప్పు పట్టిన తారు పీపాలు. హాస్టల్ చోటు మారింది, గట్టయ్య పేరు పుస్తకంలో నిలిచింది.

ఓ రోజు తార్నాక ఇరానీ హోటల్లో ఈ అరికాలి మహిమ పదిమందికి చెబుతుంటే, పక్క బల్ల దగ్గర గట్టయ్య సాసరు కింద పెట్టాడు.

"కాలు గీలు ఏం లేదు సారు. ఆ గుంత నింపిన కూలోళ్లల్ల నేనొకన్ని. మట్టి గట్టిపడనీకి దిమ్మిస కొట్టుమంటే కొట్టలే. చెప్తే పని పోతదని చెప్పలే."