బషీరా బీ చూడని సింహాలు

బషీరా బీది రాయచోటి. కువైట్‌లోని ఫహాహీల్‌లో ఒకే అరబ్బుల ఇంట్లో పద్నాలుగేళ్లుగా వంట చేస్తోంది. ఆ ఇంటి పెద్దపిల్లలు ముగ్గురూ ఆమె చేతి ముద్ద తిని పెరిగినవాళ్లే. మొన్న జూలైలో ఇంటిల్లిపాదీ టాంజానియాలో సింహాలుండే సెరెంగెటి పార్కుకు బయలుదేరుతుంటే, తోడుగా తననే తీసుకెళ్తారనుకుంది. కొత్త చెప్పులు కూడా కొనుక్కుంది.

కానీ పనివాళ్లు 'మామా' అని పిలిచే ఆ ఇంటి యజమానురాలు జైతున్‌బీకి టికెట్ తీసింది. ఆ అమ్మాయి అదే ఇంట్లో పనిలో చేరి ఎనిమిది నెలలే. ఆ ఇంటి చంటిపాప ఆమె చంక దిగదు మరి.

"ఇల్లు నువ్వు చూసుకో బషీరా, నీ మీదే నా నమ్మకం" అంది మామా. ఆ మాట పుండు మీద కారంలా తగిలింది.

జైతున్‌బీ రోజూ వాట్సాప్‌లో ఫొటోలు పంపేది. ఎండుగడ్డిలో ఆడసింహం, దాని పొట్ట కింద దూరిన మూడు పిల్లలు. గొడుగులా పరుచుకున్న తుమ్మచెట్టును మేస్తున్న జిరాఫీ. కనుచూపు మేర చారల గుర్రాలు. బషీరా ఒక్కదానికీ జవాబివ్వలేదు. కానీ ప్రతిదాన్నీ వేళ్లతో పెద్దది చేసి చూసింది. ఒకదాంట్లో జీపు అద్దంలో జైతున్‌బీ నవ్వు కనిపించింది. ఆ ఫొటోను చెరిపేసింది.

వాళ్లు తిరిగొచ్చిన వారం, శుక్రవారం నాడు బస్సు దూరంలోని ఫర్వానియాలో తమ ఊరి నఫీసా గదిలో రాయచోటి ఆడవాళ్లు కలిశారు. జైతున్‌బీ పాపతో ఇంట్లోనే ఉంటుందనుకుని బషీరా ఫోన్ తీసి ఆ ఫొటోలు చూపిస్తూ, "మామా నన్నూ తీస్కపోయింది. సింహం ఈ గోడంత దగ్గర ఉన్నింది" అనేసింది.

"ఏనుగుల సప్పుడు ఎట్లుంటాదక్కా?" నఫీసా అడిగింది.

బషీరా ఫోన్‌లో ఏనుగుల ఫొటో కోసం వెతికింది. తలెత్తేసరికి గుమ్మంలో జైతున్‌బీ.

"కడుపులోంచి గుడగుడమంటాయి. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకున్నింది" అంటూ వచ్చి ఆమె పక్కనే కూర్చుంది.

పరువు దక్కింది. అయినా బషీరా ఒళ్లు మండిపోయింది. అడవీ దీనికే, మంచితనమూ దీనికేనా?

తిరుగు బస్సులో, "నా మీద నీకేం జాలి?" అని కసిరింది.

"జాలి కాదక్కా. వచ్చి ఐదు దినాలాయ, ఒక్క మాటన్నా అడిగినావా? సూసిందంతా ఇంగెవరికి సెప్పల్ల?"

బషీరా కిటికీ వైపు తిరిగింది. అటే చూస్తూ, "సింహం నిజంగానే అంత దగ్గరొచ్చిందా?" అంది.

ఫహాహీల్ వచ్చేదాకా జైతున్‌బీ చెబుతూనే ఉంది. ప్రతి మాటా గుచ్చుకుంటున్నా, బషీరా ఒక్కటీ వదలకుండా వింది.

దిగేటప్పుడు, "ఇంగోసారి పోతే మాత్రం పొయ్యేది నేనే" అంది.