నేల మీద పెట్టే చాకు

1993 వేసవిలో నన్ను నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక ప్రభుత్వ ఐటీఐకి బదిలీ చేశారు. హోదా అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్, మా వాడుకలో ఏటీఓ. ఏటీఓ పైన డిప్యూటీ ట్రైనింగ్ ఆఫీసర్, ఆ పైన ట్రైనింగ్ ఆఫీసర్, అందరి పైన ప్రిన్సిపాల్. నాది ఫిట్టర్ విభాగం. రెండు ఇనుప ముక్కలను ఆకురాయితో రాసి, ఒకదానిలో ఒకటి కూర్చినప్పుడు మధ్య నుంచి వెలుగు కనపడకుండా చేయడమే ఫిట్టర్ పని. ఈ విషయంలో నేను మహా మొండివాణ్ణి. వెంట్రుకంత సందు కనపడినా జాబును, అంటే చేసి తెచ్చిన ముక్కను, విద్యార్థి చేతికి తిరిగిచ్చేసేవాణ్ణి. వెనక నన్ను ఏమని తిట్టుకునేవారో నాకు బాగా తెలుసు.

మా అత్తగారి ఊరు కోస్గి. సెలవు రోజున భార్యతో కలిసి బస్సెక్కి అక్కడికి వెళ్లేవాణ్ణి. కానీ అత్తగారింట్లో కూర్చున్నది తక్కువ. సంత జాగా పక్కనే యాకూబ్ కత్తుల దుకాణం ఉండేది. గొర్ల కాపరుల చాకుల నుంచి మాంసం కొట్టేవాళ్ల కత్తుల దాకా ఆ చుట్టుపక్కల పదునంతా ఆయన సాన మీదే లేచేది. ఇనుమంటే నాకు ఎంత పిచ్చో ఆయనకూ అంతే. "అల్లుడు మా ఇంటికొస్తడా, యాకూబ్ ఇంటికొస్తడా?" అని మా అత్తగారు నవ్వుతూ దెప్పేవారు.

ఆ వానాకాలం యాకూబ్ బావమరిది జెడ్డా నుంచి సెలవు మీద వచ్చాడు. అతని జేబులో టైటానియం పిడి ఉన్న మడత చాకు ఒకటి ఉంది. అలాంటిది మేమిద్దరం మొదటిసారి చూడటం. యాకూబ్ దాన్ని గుడ్డ మీద పెట్టి, పసిబిడ్డను చూపించినట్టు చూపించాడు.

"సారూ, జర చెవి కాడ పెట్టి తెరువుండ్రి. గా సప్పుడు ఇనుండ్రి," అన్నాడు.

విన్నాను. టక్కుమని ఒకే శబ్దం. తెరిచాక అలుగును, అంటే కోసే బద్దను, పట్టుకుని పక్కలకు ఊపితే కదలిక లేదు. మామూలు మడత చాకులో అలుగును నిలబెట్టేది ఉత్త బిగువే. ఇందులో అలా కాదు. పిడి రెండు రేకుల్లో ఒకదాన్ని నిలువునా కోసి, నాలుకలా వదిలారు. అలుగు పూర్తిగా తెరుచుకోగానే ఆ నాలుక లోపలికి జరిగి, అలుగు తోకకు అడ్డంగా నిలుస్తుంది. అదే దీని తాళం, దాన్ని బొటనవేలితో పక్కకు నెడితే తప్ప చాకు మూసుకోదు. టైటానియానికి స్ప్రింగు గుణం ఉంది, తుప్పు పట్టదు, బరువు ఉక్కులో సగం కన్నా కాస్త ఎక్కువ. పదును మాత్రం నిలవదు కనుక అలుగు ఉక్కుదే. అలుగు మీద చిన్న బొడిపె ఉంది, ఒంటిచేత్తో తెరవడానికి. మేమిద్దరం మధ్యాహ్నం దాకా ఆ చాకు గుణగణాలు చెప్పుకుంటూనే కూర్చున్నాం. అన్నానికి రమ్మని అత్తగారు కబురు మీద కబురు పంపారు.

అప్పటిదాకా మూలన కూర్చుని వింటున్న బీరయ్య నోరు విప్పాడు. ఆయన గొర్ల కాపరి, యాకూబ్‌కు పాత స్నేహితుడు.

"గది ఎడమచేత్తోటి తెరుసుకుంటదా, సారూ?"

ఆయన కుడిచేయి అప్పుడు చూశాను. రెండు వేళ్లు వంగవు. వానాకాలం బురదకు గొర్రెల గిట్టలు పెరిగి, సందుల్లో మట్టి పట్టి కుళ్లుతాయి. పెరిగినదాన్ని కోసేయకపోతే గొర్రె కుంటుతుంది, మేతకు నడవలేదు. కిందటేడు అలా కోస్తుండగా గొర్రె తన్నింది. తాళం లేని మడత చాకు చేతిలోనే మూసుకుని, వేళ్ల నరాలు తెగాయి. ఒరలో పెట్టే కత్తి వాడొచ్చు కదా అనేవాళ్లు ఉంటారు. గొర్రెను ఎత్తుకుని రోజంతా వంగి లేచే మనిషి నడుముకు అది గుచ్చుకుంటుంది. బీరయ్య భార్య గొర్రెను పట్టుకోగలదు, కోసేవాళ్లే లేరు. మిగతా కాపరులకు వాళ్ల వాళ్ల మందలే సరిపోతాయి. సగం మంద కుంటుతోంది. వానలు ఆగేలోగా మొత్తం మందను అమ్మేయడానికి ఒక బేరగాడితో మాట కూడా అయిపోయింది. మంద పోతే బీరయ్యకు మిగిలేది కూలి. ఆ చేతికి కూలి ఎవరిస్తారు?

జెడ్డా చాకు కుడిచేతి వాటంది, పైగా దాని యజమాని తిరిగి వెళ్లిపోతున్నాడు. "నేను చేసిస్తాను," అన్నాను. యాకూబ్ నా ముఖం చూసి, అలుగు పదును తన వంతు అన్నాడు.

హైదరాబాదులో రసాయన యంత్రాలు తయారుచేసే చోట పనిచేసే మిత్రుడి ద్వారా టైటానియం రేకు ముక్క సంపాదించాను. సర్కారు వర్క్‌షాపులో సొంత పని చేసుకోకూడదు. విద్యార్థులకు చూపించే నమూనాగా చేస్తానని ప్రిన్సిపాల్ గారి అనుమతి తీసుకున్నాను. అలుగుకు అరిగిపోయిన పవర్ హాక్సా బ్లేడు వాడాను. యంత్రంతో ఇనుము కోసే రంపపు బద్ద అది. దాని చివర ముందే రంధ్రం ఉంటుంది కనుక ఇరుసు మేకుకు మళ్లీ తొలిచే బాధ లేదు. టైటానియం మాత్రం చుక్కలు చూపించింది. తొందరపడితే వేడెక్కి రంపానికి అంటుకుపోతుంది. నీళ్లు పోస్తూ నిదానంగా కోశాను. తాళపు నాలుకను ఎడమచేతి బొటనవేలికి అందే వైపు పెట్టాను. లోపలికి దుమ్ము పోకుండా పిడి వెన్ను పొడవునా పట్టీ బిగించి మూసేశాను. అప్పుడా పట్టీ చూసుకుని మురిసిపోయాను.

కోస్గి తీసుకెళ్లాను. యాకూబ్ పదును పెట్టి, తెరిచి, అలుగు వెన్నును చెక్కమొద్దు మీద కొట్టాడు. తాళాన్ని పరీక్షించే పద్ధతి అదే. నిలిచింది. బీరయ్య ముందు పెట్టాడు. ఆయన నేల మీది నుంచి తీసుకుని తెరిచి, తానూ మొద్దు మీద కొట్టాడు. చాకు మూసుకుపోయింది. బీరయ్య దాన్ని కింద పెట్టి, చేయి గొంగడిలోకి లాక్కున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

వర్క్‌షాపుకు తెచ్చి విప్పి కడిగి, తాళపు ముఖం మళ్లీ రాశాను. బల్ల మీద ఎన్నిసార్లు కొట్టినా చెక్కుచెదరలేదు. తరువాతి ఆదివారం కోస్గిలో మళ్లీ అదే కథ. యాకూబ్ చేతిలో నిలిచిన తాళం బీరయ్య చేతిలో నిలవలేదు. పళ్లు కొరుక్కుంటూ అక్కడే విప్పాను. భూతద్దంలో చూస్తే నాలుకకూ అలుగు తోకకూ మధ్య ఇసుక రేణువు ఒకటి ఇరుక్కుని, నాలుకను పూర్తిగా లోపలికి జరగనివ్వడం లేదు. ఎక్కడిదని తలెత్తి చూశాను. కింద ఇసుక కలిసిన ఎర్ర చల్క నేల, దాని మీద సాన పొడి.

ఇక్కడ కత్తిని చేతికివ్వరు. ఇస్తే కీడని నమ్మకం. ఇచ్చేవాళ్లు కింద పెడతారు, తీసుకునేవాళ్లు కింది నుంచి తీసుకుంటారు. యాకూబ్ చాకును నేల మీద పెట్టిన ప్రతిసారీ ఇసుక లోపలికి వెళ్తోంది. నేను అంత ముచ్చటపడి మూసిన వెన్ను దాన్ని బయటికి పోనివ్వడం లేదు. వర్క్‌షాపులో మేము చేతి నుంచి చేతికి ఇచ్చుకుంటాం కనుక ఈ సంగతి బయటపడే దారే లేదు.

"చేతికే ఇస్తే సరిపోతుంది కదా," అన్నాను కాస్త విసుగ్గానే.

బీరయ్య తల అడ్డంగా ఊపాడు. "వద్దు సారూ. గప్పుడు మా తమ్మునికి చేతికే ఇచ్చిన, మల్ల చేతికే తీసుకున్న. గా పొద్దే నా ఏళ్లు తెగినయ్. కింద పెడితేనే తీసుకుంట."

"బేరగాడు వచ్చే ఆదివారం బండి తెస్తుండు సారూ," అని యాకూబ్ నెమ్మదిగా గుర్తుచేశాడు.

నాకు కోపం రాలేదని చెప్పను. కానీ మనిషి భయాన్ని ఆకురాయితో రాయలేం, ఇనుమును రాయగలం. వర్క్‌షాపుకు వెళ్లగానే వెన్నుపట్టీ పీకేసి, దాని చోట రెండు చిన్న స్తంభాలు పెట్టాను. ఇప్పుడు పిడి ఇటు నుంచి అటు కనపడుతుంది, పడ్డ మట్టి పడ్డట్టే రాలిపోతుంది. తాళం ఆనే చోట అలుగు తోక మీద సన్నని గాడి కోశాను. రేణువు ఒకవేళ మిగిలినా ఆ గాడిలోకి జారుతుంది, తాళాన్ని ఆపదు.

ఆదివారం మేము వెళ్లేసరికి దుకాణం ముందు మంద ఉంది, బేరగాడి వ్యాను ఉంది. నేను ఎవరితోనూ మాట్లాడలేదు. చాకు తీసి నేల మీద విసిరి, చెప్పుకాలితో మట్టిలోకి తొక్కాను.

"అరె సారూ!" అని యాకూబ్ గుండె పట్టుకున్నాడు.

తీసి ఒక్కసారి ఊది తెరిచాను. టక్. యాకూబ్ చేతికి ఇవ్వకుండా కింద పెట్టాను. ఆయన తీసుకుని మొద్దు మీద కొట్టాడు. ఇంకా గట్టిగా కొట్టాడు. మొద్దుకు గాటు పడింది కానీ చాకు మూసుకోలేదు. మూసి, మళ్లీ ఆ మట్టిలోనే బీరయ్య ముందు పెట్టాడు.

బీరయ్య ఎడమచేత్తో తీసుకున్నాడు. ఆయన భార్య ఒక కుంటి గొర్రెను వెనక్కి వాల్చి కూర్చోబెట్టి పట్టుకుంది. బొటనవేలితో చాకు తెరిచి, మొదటి గిట్ట అంచు కోశాడు. గొర్రె తన్నింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. తెరిచి చూస్తే చాకు తెరిచినట్టే ఉంది, వేళ్లు ఉన్నట్టే ఉన్నాయి. ఇంక ఆగలేదు. ఆ గొర్రె అయ్యాక ఇంకోటి, దాని తరువాత ఇంకోటి. గిట్టల చెక్కులు దుకాణం ముందు కుప్పపడ్డాయి. చాలాసేపు నిలబడి చూసిన బేరగాడు, గొర్లను ఎప్పుడు ఎక్కించమంటావని అడిగాడు.

బీరయ్య తలెత్తలేదు. "గొర్లు అమ్ముతలేనన్నా. నువ్వు జర పక్కకు జరుగు, ఎలుతురుకు అడ్డమొస్తున్నవ్."

యాకూబ్ సంతలో అందరికీ వినపడేలా కేక వేసి, కనపడినవాళ్లందరికీ చాయ్ తెప్పించాడు. నేను మట్టి కాళ్లతో, కాలర్ ఎగరేసుకుని అత్తగారింటికి వెళ్లాను. ఉద్యోగంలో ప్రమోషన్లు వచ్చిన రోజులున్నాయి, అంత గర్వపడ్డ రోజు లేదు.

ఆ తరువాత వర్క్‌షాపులో జాబులు కొలిచే బల్ల పక్కన కోస్గి చల్క మట్టితో ఒక తట్ట పెట్టించాను. కదిలే భాగాలున్న ఏ జాబైనా ముందు ఆ తట్టలో పడి లేవాలి, ఆ తరువాతే దాన్ని గేజీతో కొలుస్తాను. విద్యార్థులు గొణిగారు, తోటి ఏటీఓలు నవ్వారు. డిప్యూటీ ట్రైనింగ్ ఆఫీసర్‌గా రిటైరయ్యేదాకా ఆ తట్ట నాతోనే బదిలీ అయింది. పనిముట్టును చేసే చోటే పరీక్షిస్తే సగం పరీక్షే అవుతుంది. దాన్ని వాడేవాళ్లు ఎక్కడ పెడతారో అక్కడ పెట్టి చూడాలి.