సత్తెమ్మ గడప ముందు అప్పగింత

1976. పటాన్‌చెరులో కొత్త ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులు. సంగారెడ్డిలో ఉండే శంకరయ్య సేటు పటాన్‌చెరులోని తన కిరాయి గదుల వరుసను ఒక కాంట్రాక్టరుకు అమ్మేశాడు. కిరాయి వసూలుకు కాంట్రాక్టరు నన్ను పెట్టుకున్నాడు. సేల్ డీడ్, అంటే అమ్మకపు దస్తావేజు నకలు సంచిలో ఉంది, రసీదు పుస్తకం చంకలో ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాను.

మిగతా గదులవాళ్లు గొణుక్కుంటూనే ఇచ్చారు. చివరి గదిలో సత్తెమ్మ ఇవ్వలేదు. భర్త పోయిన మనిషి, ఆ గదిలోనే పొయ్యి పెట్టి కార్మికులకు అన్నం వండిపెట్టి బతికేది. చెంబుతో నీళ్లిచ్చింది, కూర్చోమంది, డబ్బు మాత్రం తీయలేదు.

"సేటు అచ్చి చెప్తె ఇస్త."

"అమ్మిందే ఆయన కదమ్మా. గిదో కాగితం, ముద్ర సుత ఉంది."

"కాగితం నాకేమెరుక సారు? పోయినేడు ఒకడు సేటు మనిషినని చెప్పి పక్కింటోళ్ల కిరాయి ఎత్తుకపోయిండు. వాడు మల్ల దొరికిండా?"

నన్ను దొంగతో పోల్చిందని ఒళ్లు మండింది. మరుసటి నెలా అవే నీళ్లు, అదే మాట. మూడో నెలా అంతే.

కాంట్రాక్టరు మాత్రం సంతోషపడ్డాడు. "ఇగ అడగకు. డిఫాల్టరని నోటీసిచ్చి ఖాళీ చేపిద్దాం. ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ డబుల్ కిరాయి ఇస్తనంటుండు," అన్నాడు. డిఫాల్టర్ అంటే కిరాయి ఎగ్గొట్టినవాడు. ఆమె ఎగ్గొట్టిందెక్కడ? ఎవరికివ్వాలో తనకు తెలిసిన మనిషి నోటితో చెప్పించమంది, అంతే. ఆ గది పోతే పొయ్యి పోతుంది, పొయ్యి పోతే ఆమె నోటికాడి కూడు పోతుంది. నాకు మనసొప్పలేదు. ఆ సాయంత్రమే సంగారెడ్డి బస్సెక్కాను.

సేటు మోకాళ్ల నొప్పులతో మంచం మీదున్నాడు. సంగతంతా చెప్పి, సత్తెమ్మకు చూపించడానికి ఒక చిట్టి రాసిమ్మన్నాను.

"సదువు రాని మనిషికి చిట్టి ఏం జేస్తది? తప్పు నాది. ఇల్లమ్మితే గడపగడపకు పోయి కిరాయిదార్లను అప్పజెప్పి రావాలె. మా నాయిన గట్లనే జేసేటోడు. కాళ్లు నొస్తున్నయని నేను పోలె. పొద్దుగాల బస్సుకు పోదాం."

మర్నాడు నా భుజం పట్టుకుని ఆమె గడప దాకా నడిచాడు. "సత్తెమ్మా, ఇగ ఈ ఇల్లు నాది గాదు. ఇయ్యాల్టి సంది కిరాయి ఈయన చేతుల పెట్టు," అన్నాడు.

ఆమె ముందు ఆయన మోకాళ్ల వంకే చూసింది. "గీ కాళ్లతోని నాకోసం అచ్చినవా సేటు," అని ఏడ్చేసింది. తర్వాత బియ్యం బస్తా వెనక నుంచి డబ్బా తీసింది. ఏ నెల కిరాయి ఆ నెలది విడిగా గుడ్డలో మూటకట్టి ఉంది. అక్కడికక్కడే రసీదులు రాసిచ్చాను. నోటీసు ఆగిపోయింది. కాంట్రాక్టరు నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు గానీ తీసేయలేదు. వసూలుకు మనిషి కావాలి కదా.

రిజిస్ట్రీ ఆఫీసులో ఇల్లు చేతులు మారుతుంది. నమ్మకం మారాలంటే మాత్రం ఎవరో ఒకరు గడప దాకా నడవాలి. ఈ పనిలో నేను నేర్చిన పాఠం ఇదొక్కటే, నేర్పింది వాళ్లిద్దరు.

తర్వాత ఆ కొలువు మానేసేటప్పుడు నా స్థానంలో వచ్చినతన్ని వెంటబెట్టుకుని ప్రతి గదికీ వెళ్లాను. సత్తెమ్మ ఇద్దరికీ నీళ్లిచ్చింది.

"ఇగ ఈయన చేతుల పెట్టమ్మా," అన్నాను.

"నువ్వు చెప్తె అయిపాయె," అని డబ్బా మూత తీసింది.

సేటు మాట పక్కన నా మాటనూ పెట్టిన ఆ తల్లికి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.