ముగ్గురి బరువు

అరవైల మొదట్లో నేను బ్రాడీపేటలో మేనత్త ఇంట్లో ఉండి కాలేజీలో సైన్సు చదువుకునేదాన్ని. శ్రీరామనవమి సెలవులకు పర్చూరు దగ్గర మా ఊరికి వచ్చాను. కళ్ళాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. గాలి తిరిగినప్పుడల్లా ఊరంతా దగ్గేది.

మా బాబాయి నవమి నాటకంలో హనుమంతుడు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ఏటా రెండు గుంజల మధ్య కట్టిన తాడు మీద జారి లంకకు చేరేవాడు. ఆ ఏడు అది చాలదనుకున్నాడు. పత్తి మిల్లు ఆవరణలో ఎత్తుగా తాటి దూలం ఎత్తించి, నడుముకు మోకు కట్టుకుని, దూలమంత ఎత్తున్న మంచె మీద నుంచి ఉయ్యాలలా జనం నెత్తిన ఊగి అవతలి మంచె చేరతానన్నాడు. ఊళ్ళో చాటింపు కూడా వేశారు.

నాకు భయం వేసింది. అన్నం తింటున్నప్పుడు చెప్పాను.

"ఊరికే వేలాడితే నీ బరువొక్కటే బాబాయ్. అంత ఎత్తు నుంచి ఊగి కిందికొచ్చేసరికి తాడు మీదా దూలం మీదా ముగ్గురి బరువు పడుద్ది."

"నేనొక్కణ్ణే గదమ్మాయ్. మిగతా ఇద్దరూ యాడ్నుంచొస్తారు?"

"వేగం నుంచి."

ముద్ద కలుపుతూ అడిగాడు. "మరి హనుమంతుడెట్టా ఎగిరాడు?"

"ఆయన్ను మోసే దూలం లేదుగా."

పిన్ని నవ్వలేదు. మజ్జిగ గిన్నె మా మధ్య పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పత్తిగింజల బస్తా కట్టి వేలాడదీశారు. ఏమీ కాలేదు. "ఊపి చూడండి," అన్నాను. ఊపారు. బస్తా అడుక్కి వచ్చిన ప్రతిసారీ దూలం మూలిగింది. మోకు తగిలించే కొక్కెం చేసిచ్చిన కమ్మరి సాయిబు నిచ్చెనెక్కి దూలాన్ని చేత్తో తడిమి చూశాడు. ఆయనా బాబాయీ చిన్నప్పటినుంచీ బావా అంటే బావా అనుకునేవాళ్ళు.

"బావా, లోపల చీలినట్టుంది. ఈ ఏటికొద్దు."

"పట్టీ వెయ్యి బావా. చాటింపయిపోయింది."

సాయిబు ఇనుప పట్టీ వేశాడు. బాబాయి నా మాట ఒక్కటి విన్నాడు. తాను ఊగే దారిలో ఎవరినీ కూర్చోనివ్వలేదు. రెండు మంచెల మధ్య నేల ఖాళీగా ఉంచి, ఇరువైపులా మోకులు కట్టించాడు.

దీపాలు పెట్టే వేళకు జనం నిండారు. హార్మోనియం ఆగింది. బాబాయి మంచె మీద నిలబడి దండం పెట్టుకున్నాడు. దూకాడు. ఎర్ర వస్త్రం గాలికి విచ్చుకుంది. ఒక్క క్షణం నిజంగానే ఎగిరినట్టుంది. సరిగ్గా అడుక్కి వచ్చేసరికి ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. దూలం రెండు ముక్కలైంది. ఎవరో విసిరేసినట్టు ఆయన ముందుకు కొట్టుకుపోయి, అవతలి మంచె గుంజకు తగిలి పడ్డాడు.

ఎవరూ అరవలేదు. వేషంలో భాగమనుకున్నారు. పిన్ని మోకు దాటి పరిగెత్తాకే తెలిసింది.

ఎద్దుల బండిలో గడ్డి పరిచి పెద్దాసుపత్రికి బయలుదేరాం. ముఖానికి రంగు అలాగే ఉంది. దారిలో నా చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మాయ్, అడుక్కొచ్చేసరికి ఎవరో నన్ను కిందికి లాగినట్టుంది. చేతులు ముందుకు చాపుదామంటే రాలేదు."

"మాట్లాడొద్దు బాబాయ్."

పక్కనే నడుస్తున్న సాయిబు బండి పట్టె వదల్లేదు. ఆస్పత్రి దాకా అలాగే వచ్చాడు.

తుంటి ఎముక అతికింది గాని కుడికాలు పొట్టిదైంది. నాగలి పట్టడం ఇక ఆయన వల్ల కాలేదు. మిరపకళ్ళంలో నులకమంచం మీద కూర్చుని కూలీలకు పనులు పురమాయించేవాడు. మరుసటి నవమికి రావణుడి వేషం కట్టాడు. ఆ వేషానికి సింహాసనం ఉంటుంది, లేచి నడవాల్సిన పని తక్కువ. ఊరంతా వెళ్ళి చూసింది. పిన్ని మాత్రం తలుపులు వేసుకుని ఇంట్లోనే ఉండిపోయింది.