సోయా పిండి కోసం ఆదిలాబాద్ దాకా

కరీంనగర్‌లో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతూ, నాలుగేళ్లుగా పీహెచ్‌డీ అనే తలనొప్పి మోస్తున్నాను. పత్తి చేను మట్టిలో నాకు దొరికిన ఒక సూక్ష్మజీవి, వేరుకుళ్లు బూజును చంపే మందు తయారుచేస్తుంది. మందు ఉంటే పళ్లెంలో పరుచుకున్న బూజు మధ్య ఖాళీ వలయం కనిపిస్తుంది. మొదటి ఏడాది కనిపించింది, తర్వాత మాయమైంది. గ్లూకోజు పోస్తే జీవి తెగ పెరిగింది, మందు చుక్క లేదు. ఖరీదైన పొడులు తెప్పించినా అంతే. మొదటి ఫలితమే పొరపాటేమో, నెలాఖరులోగా మళ్లీ చూపించండి, లేకుంటే ఆ అధ్యాయం తీసేయండి అన్నారు గైడుగారు. అది తీసేస్తే థీసిస్‌లో మిగిలేది అట్ట ఒక్కటే! పాత నోట్సు తిరగేస్తే తేడా ఒక్కటే దొరికింది. అప్పట్లో జీవికి మేతగా వాడింది ఆదిలాబాద్ నుంచి స్నేహితురాలు తెచ్చిన, నూనె తీసిన సోయా పిండి. తెలిసినవాళ్ల ద్వారా అక్కడి దుకాణం నంబరు పట్టి ఫోన్ చేస్తే, ఉంది రమ్మన్నారు.

పొద్దున ఆరింటికి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపితే ఆడవాళ్లకు జీరో టికెట్, కానీ సీటు దొరకడం మన అదృష్టం. మెట్‌పల్లి దాకా నిలబడే ఉన్నాను. నిర్మల్‌లో చాయ్‌కి ఆపినవాళ్లు ఎంతకీ కదల్లేదు. ఆదిలాబాద్‌లో దిగేసరికి పన్నెండు దాటింది.

దుకాణదారు నా ముందు పెట్టింది ఎరువు బస్తా. నాకు ఒళ్లు మండిపోయింది.

"మీరే గద మేడం సోయా పిండి అన్నరు. సోయాకు ఏసే పిండి గిదే," అన్నాడాయన, తప్పంతా నాదే అన్నట్టు. మా వైపూ ఎరువును పిండి అనే అంటారు. అది తెలిసీ అలా అడిగిన నా తెలివికి దండం పెట్టాలి.

బస్టాండుకు ఆటో ఎక్కి గోడంతా వెళ్లబోసుకున్నాను. ఇంట్లో మరాఠీ మాట్లాడే డ్రైవరు అంతా విని, "మీకు గావాల్సింది పేండ్ మేడం, జర ఆగుండ్రి," అన్నాడు. నాకు 'పెండ' అని వినిపించింది. ఇంత దూరం వచ్చింది పేడ ఎత్తడానికా అని కసిరాను. ఆయన నవ్వుతూ, బర్రెలకు పెట్టే, నూనె తీసిన సోయా చెక్క అని చెప్పి, వాళ్ల పెద్దమ్మ పశువుల కొట్టానికి తీసుకెళ్లాడు. అక్కడ సంచిలో అచ్చం నా పాత పిండే!

"నీకెన్ని బర్లున్నయ్ బిడ్డా?" అంది పెద్దమ్మ. కంటికి కనబడనివి కోట్లలో ఉన్నాయని, తీపి పెడితే పెరుగుతున్నాయే తప్ప పని చేయడం లేదని చెప్పాను. ఆమెకేమీ వింతగా అనిపించలేదు.

"ఉత్త బెల్లం, నూకలు పెడితె బలుస్తది గని పాలియ్యది. గిది పెట్టి సూడు."

ఐదు కిలోలు కట్టించుకుని రెండు గంటల బస్సు పట్టుకున్నాను. ఆ పేండ్‌తో పెంచిన జీవి వారం తిరిగేసరికి వలయం చూపించింది. గైడుగారు స్కేలుతో తానే రెండుసార్లు కొలిచి, అధ్యాయం ఉంచండి అన్నారు. ఇన్నేళ్లూ నేను జీవి ఎంత పెరిగిందో చూసుకుంటూ కూర్చున్నాను. పెద్దమ్మ మేత గురించి ఒక్కమాటలో తేల్చేసింది. కోపం నా మీదే వచ్చింది, ఏడుపూ వచ్చింది.

వెళ్లేవాళ్లకు ఒకటే సలహా. ఆదిలాబాద్‌లో పిండి అడగకండి, పేండ్ అనండి. నా అధ్యాయంలోనూ పేండ్ అనే రాశాను, ఎవరు కొట్టేయమన్నా కొట్టేయను.